ఒక పనికి ఒక కయే

ఈ ప్రపంచంలో ఇంతవరకూ రాసిన గొప్ప మాటల్లో సగం మా అమ్మమ్మ కుట్టిన కాగితాల మీదే రాశారు. మిగతా సగం పిన్నులు కొట్టిన పుస్తకాల్లో రాశారు. ఆ పిన్నులు తుప్పు పట్టి ఊడిపోయాయి కాబట్టి ఆ మాటలు ఎవరికీ గుర్తు లేవు. ఏ పండితుడూ ఈ సంగతి ఒప్పుకోడు. ఒప్పుకోకపోతే పోనీ, వాళ్ళ దగ్గరున్న పాత నోటుపుస్తకం మధ్య పేజీ తెరిచి చూసుకోమనండి. మూడు చిల్లులు, మైనం పూసిన తెల్లదారం, లోపలివైపు గోరంత ముడి ఉంటే అది మా అమ్మమ్మ పనే.

ఆవిడ నలభై ఒక్క ఏళ్ళుగా ఒకే బైండింగు షాపులో ఒకే బల్ల ముందు కూర్చుని పుస్తకాలు కుడుతోంది. మనిషి అయిదడుగులు కూడా ఉండదు. నోరు మాత్రం ఆరడుగులు. కుడిచేతి చూపుడువేలు కాయకాచి చెక్కలా అయిపోయింది. ఒకసారి ఆ వేలికి గట్టిగా తగిలి సూదే విరిగింది. షాపులో ఇప్పటికీ కొత్తగా చేరినవాళ్ళకి ఆ కథ చెప్పి భయపెడతారు.

షాపులో ప్యాకింగు చేసే ఆయన ఆవిడకి కయ్యాలమ్మ అని పేరు పెట్టాడు. నోరు చూసి పెట్టాడని అందరూ అనుకుంటారు. అది సగమే నిజం. మిగతా సగం ఒక ఇంగ్లీషు మాట వల్ల. నీకు ఇంగ్లీషు వచ్చా అని నన్నడగకండి. నేను తొమ్మిదో తరగతి సగంలో బడి ఎగ్గొట్టి, జెరాక్సు షాపు కౌంటర్లో కూర్చున్నదాన్ని. జనం కాపీలు తీయించుకునే కాగితాలన్నీ ఒక్కొక్కటీ చదివి పంపిస్తాను. నా పైచదువు అదే.

పదహారేళ్ళ కిందట రెండు వీధుల అవతలున్న, బొమ్మలు గీయడం నేర్పే బడి నుంచి షాపుకి ఒక చీటీ వచ్చింది. నూట ఇరవై కావాలని ఉంది. ఏం కావాలో రాసిన మాట మాత్రం ఎవరికీ అర్థం కాలేదు. ఓనరు చీటీని అటూ ఇటూ తిప్పాడు.

"ఇదేదో పొరపాటున వచ్చింది పెద్దమ్మా. మందుల షాపుకి పోవాల్సిన చీటీ అయ్యుంటుంది."

"బొమ్మలు నేర్పేవాళ్ళకి నూట ఇరవై మందులెందుకు నాయనా? అందరికీ ఒకేసారి రోగమొచ్చిందా?"

"అయితే తిప్పి పంపించేద్దాం."

"పంపే ముందు అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయా? ఇలా తే, నేనే వెళ్ళొస్తాను."

వెళ్ళింది. బొమ్మల బడి మేడం రంగుల వాసన కొట్టే గదిలో, సొరుగులోంచి ఒక పల్చటి పుస్తకం తీసి ఆవిడ చేతిలో పెట్టింది. ఆ సంభాషణ అమ్మమ్మ మాకు వందసార్లు చెప్పింది కాబట్టి నాకు కంఠతా వచ్చు.

"దీన్ని కయే అంటారమ్మా. నోటుబుక్కే. కాకపోతే అందరూ వాడే మాట కాదు. ఫ్రెంచి వాళ్ళ దగ్గర్నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది."

"నోటుబుక్కుకి నోటుబుక్కని పేరుండగా మళ్ళీ ఇదెందుకు తల్లీ?"

"నోటుబుక్కంటే లావుదీ సన్నదీ అన్నీ అవుతాయి కదా. కయే అంటే ఇలాంటిది. గట్టి అట్ట ఉండదు, వెన్నుండదు. ఒక్క మడత, ఒక్క కుట్టు. నాలుగేసి అనే అర్థమున్న పాత మాటలోంచి పుట్టిందంటారు. నాలుగు కాగితాలు కలిపి మధ్యకి మడిస్తే ఒక కయే."

"ఓసి దీని దుంప తెగ! దీన్నే మేం ఫారం అంటాం. నాలుగు కాగితాలు, ఎనిమిది ఆకులు, పదహారు పేజీలు. రోజుకి వంద కుడుతున్నాను. పేరు తెలియకుండానే పాతికేళ్ళు కాపురం చేశానన్నమాట!"

మేడం నవ్వి ఇంకొంచెం చెప్పిందట. కొన్నిచోట్ల సభల్లో జరిగిన చర్చలు అచ్చువేసిన పల్చటి సంపుటాల్ని కూడా కయే అంటారట. కొందరు రచయితలు ఏళ్ళ తరబడి రాసుకున్న పుస్తకాల వరసనీ అలాగే అంటారట. తన బడిలో మాత్రం ఒకటే పద్ధతి. ఒక పనికి ఒక కయే. చేతులు గీయడం నేర్చుకుంటే దానికొకటి, కుర్చీలు గీస్తే దానికొకటి. పని అయిపోయాక మూసెయ్యాలి. ఒకదాంట్లోకి ఇంకోటి దూరకూడదు.

ఈ చివరి మాట మా అమ్మమ్మకి అమృతంలా తోచింది. షాపులో పాడైన కాగితాలు తెచ్చి ఇంట్లో ప్రతిదానికీ ఒక కయే కుట్టింది. కుళాయి చెడిపోయిన తారీఖులకి ఒకటి. తన మోకాళ్ళ నొప్పికి ఒకటి. పక్కింటి పిల్లి మా వంటింట్లో చేసిన నేరాలకి ఒకటి. నా చదువుకి కూడా ఒకటి ఉండేది. అది ఏడో పేజీ దగ్గర ఆగిపోయింది. "పిల్లి పుస్తకం రెండోది నడుస్తోంది, దీని చదువు సగం కూడా కాలేదు" అని వచ్చినవాళ్ళందరికీ చూపించేది.

షాపులో కుట్టేది ఆవిడే గానీ, మడిచేది ఆవిడ కాదు. మడిచేది చెల్లెలు, మా చిన్నమ్మమ్మ. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండేవారు, ఒకే గొడుగులో షాపుకి నడిచేవారు, ఒకే బల్లకి చెరో పక్కన కూర్చునేవారు. చిన్నమ్మమ్మ నాలుగు కాగితాలు పేర్చి, మధ్యకి వంచి, నున్నటి చెక్కముక్కతో ఒక్క గీటు గీసి పక్కకి తోసేది. అమ్మమ్మ అందుకుని కుట్టేది. చిన్నమ్మమ్మ మడతలో ఒక లోపముండేది. ఎప్పుడూ వెంట్రుకవాసి ఎడమకి పోయేది.

"ఒసే, మళ్ళీ ఎడమకి లాగావు."

"నేనెక్కడ లాగానక్కా, కాగితమే అటు పోయింది."

"కాగితానికి కాళ్ళున్నాయేంటే?"

"నీ నోటికి భయపడి మొలిచుంటాయి."

అమ్మమ్మ సణుగుతూ ఆ ఫారం విప్పి, అంచులు బల్లకి తట్టి, బొటనవేలితో మడత సరిచేసి, అప్పుడు కుట్టేది. అలా ఎన్ని వేలు సరిచేసిందో తెలియదు. కొత్తవాళ్ళు చూసి, ఇద్దరూ మాట్లాడుకోరేమో అనుకునేవాళ్ళట. మాట్లాడుకోవడమంటే అదే అని ప్యాకింగాయన చెప్పాల్సి వచ్చేది.

పోయిన ఏడాది చిన్నమ్మమ్మకి ఊపిరితిత్తుల్లో జబ్బు చేసింది. ఆసుపత్రిలో చేర్చిన రోజున అమ్మమ్మ సంచిలోంచి కొత్త కయే తీసింది. చిన్నమ్మమ్మ లాక్కుంది.

"జబ్బు నాది. మొదటి పేజీ నేను రాస్తాను."

రాసింది. పేరు, రెండేళ్ళు తగ్గించిన వయసు, డాక్టరు చెప్పిన నాలుగు ముక్కలు. అడుగున, టీ బాగాలేదు అని. రెండో ఆకు నుంచి అమ్మమ్మ రాసింది. జ్వరం ఎంత, మాత్ర ఎప్పుడు, ఎన్ని ముద్దలు తింది. నలభై రోజులు చిన్న అక్షరాలతో పదకొండు పేజీలు నిండాయి.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. ఒక్క మడత పుస్తకంలో ఏ ఆకూ ఒంటరిది కాదు. మొదటి ఆకూ చివరి ఆకూ ఒకే కాగితం. రెండోదీ చివరి నుంచి రెండోదీ ఒకే కాగితం. వెనకాకు మడత దగ్గరికి చింపితే, దాని జత ముందువైపు కుట్టులోంచి జారి ఊడిపోతుంది. ఈ పాపం చేసినందుకు మా అమ్మ చిన్నప్పుడు దెబ్బలు తింది. నేనూ తిన్నాను. మా ఇంట్లో కాగితం కావాలంటే పక్కింటికెళ్ళి అడుక్కోవాలి గానీ పుస్తకంలోంచి చింపకూడదు.

ముప్ఫై తొమ్మిదో రోజు మధ్యాహ్నం నర్సు పరిగెత్తుకుంటూ వచ్చింది.

"రక్తం ఎక్కించాలమ్మా, అర్జంటు. ఏదైనా కాగితముంటే ఇవ్వండి, పై అంతస్తులో ఎవర్ని కలవాలో రాసిస్తాను."

అమ్మమ్మ చివరాకు చింపి ఇచ్చింది. నేను పక్కనే ఉన్నాను. ఒక్క గుంజులో మడత వరకూ చింపింది. నర్సు దానిమీద రాసింది, నేను పట్టుకుని మెట్లెక్కాను. రక్తం దొరికింది, ఎక్కించారు. మర్నాడు పొద్దున్న పది నలభైకి చిన్నమ్మమ్మ పోయింది.

ఇంటికొచ్చిన మూడోరోజు అమ్మమ్మ ఆ కయే తెరిచింది. మొదటి ఆకు లేదు. వార్డుకీ లిఫ్టుకీ గేటుకీ మధ్య ఎక్కడో జారిపోయింది. చెప్పులు వేసుకుని ఆసుపత్రికి బయల్దేరింది. నేనూ వెళ్ళాను. వార్డు ఊడ్చే ఆవిడ చీపురు ఆపి విన్నది.

"ఎలాంటి కాగితం పెద్దమ్మా? ఇక్కడ రోజుకి మూడు బస్తాలు పోతాయి."

"చేతిరాత. మా చెల్లెలు రాసింది."

"ఏం రాసింది?"

"టీ బాగాలేదని."

ఆవిడ నవ్వబోయి మా మొహాలు చూసి ఆగిపోయింది. మంచాల కింద వెతికింది, చెత్తడబ్బాలు వంచి చూసింది. దొరకలేదు. బస్సులో అమ్మమ్మ తన కుడిచేతిని ఒళ్ళో తిరగేసి పెట్టుకుని కూర్చుంది. "నాకు తెలుసు. తెలిసే చింపింది ఇది" అంది. ఇది అంటే చెయ్యి.

ఆవిడ ఏడవలేదు. మేమెవరం పెద్దగా ఏడవలేదు. ఇంట్లో గిన్నెలు కడిగాం, బట్టలు ఆరేశాం, తలుపు గడియకి నూనె వేశాం. అమ్మమ్మ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చునేది. తినమంటే తినేది, చాలా అంటే చాలనేది. టీవీలో ఏముంటే అది చూసేది, ఆపేసినా అటే చూసేది. షాపుకి మాత్రం వెళ్ళలేదు. పక్కింటి పిల్లి ఆవిడ కళ్ళముందే పాలగిన్నెలో మూతి పెట్టింది. "అమ్మమ్మా, నీ శత్రువు వచ్చింది, పుస్తకం తియ్యి" అన్నాను. "తాగనీ" అంది. పిల్లిని నేనే తరిమి, గిన్నె కడిగి బోర్లించాను.

చిన్నమ్మమ్మ పోయిన యాభై రెండో రోజు ఓనరు ఇంటికొచ్చాడు. కుర్చీ అంచున కూర్చుని, మంచినీళ్ళు తాగి, గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకున్నాడు.

"పెద్దమ్మా, మీ చెల్లెలు చివరిసారి మడిచినవి నూట నలభై ఫారాలు ఇనుప దిమ్మ కింద అలాగే ఉన్నాయి. నేను ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. బొమ్మల బడి తెరుస్తారు, సోమవారానికి కావాలంటున్నారు."

"పిన్ను కొట్టించు."

"ఈ మాట నువ్వేనా అనేది?"

"నేనే."

"మేడం పిన్నుది తీసుకోదు. పోనీ కుట్టడానికి వేరే మనిషిని చూడనా?"

"చూడు."

ఆయన వెళ్ళాక నేను ఊరుకోలేదు. నాకు ఊరుకోవడం రాదు.

"ముక్కూ మొహం తెలియని మనిషెవరో వచ్చి చిన్నమ్మమ్మ మడిచినవి కుట్టి పంపేస్తుంది. నీకేం పర్లేదా?"

"ఏమీ అనిపించట్లేదే."

"ఏమీ అనిపించకపోతే వెళ్ళి కుట్టెయ్యొచ్చుగా? ఏదైనా అనిపించేవాళ్ళకేగా కష్టం!"

ఆవిడ టీవీ మీంచి చూపు నావైపు తిప్పింది. తిడుతుందని ఆశపడ్డాను.

"కుడితే వెళ్ళిపోతాయే. కుట్టకపోతే దిమ్మ కిందయినా ఉంటాయి" అంది. కుడిచెయ్యి ఒళ్ళో తిరగేసుకుని, "ఈ చేత్తో కుట్టలేను" అంది.

అప్పుడర్థమైంది నాకు, ఆ నూట నలభై ఫారాలకి ఆవిడ ఎందుకు దూరంగా ఉంటోందో. ఆసుపత్రిలో పోయిన ఆకు ఎలాగూ పోయింది. చెల్లెలి చేతిపనిలో ఇంకా బయటికి వెళ్ళకుండా మిగిలింది ఆ దొంతర ఒక్కటే. అది పంపిస్తే లేనట్టే. అక్కడే ఉంచితే, ఇంకెవరో కుట్టి పంపిస్తారు. నాకు హాస్యమేమీ తట్టలేదు. వెళ్ళి బియ్యం కడిగాను.

గురువారం నాకు సెలవు. లేచి వచ్చేసరికి అమ్మమ్మ గుమ్మంలో చెప్పులు వేసుకుంటోంది.

"ఎక్కడికి?"

"షాపుకి."

"ఉన్నట్టుండి ఇప్పుడెందుకు?"

"ఎనిమిదిన్నర అయింది."

నలభై ఒక్క ఏళ్ళుగా ఎనిమిదిన్నరకే బయల్దేరుతుంది. అంతకుమించి కారణం చెప్పలేదు. నేను తల కూడా దువ్వుకోకుండా వెనకాల పడ్డాను.

షాపులో అందరూ ఒక్కసారి తలెత్తారు. ప్యాకింగాయన అలవాటు కొద్దీ "కయ్యాలమ్మ వచ్చింది, ఇక..." అని మొదలుపెట్టి, మిగతాది మింగేశాడు. చిన్నమ్మమ్మ పీట మీద ఆయన అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి.

"అవి తియ్యి" అంది అమ్మమ్మ.

తీశాడు. ఆవిడ నావైపు తిరిగింది.

"నిలబడ్డావేం? కూర్చో."

"ఆ పీట మీదా?"

"పీటలు కూర్చోడానికే."

కూర్చున్నాను. అమ్మమ్మ రెండు చేతులతో ఇనుప దిమ్మ ఎత్తి కింద పెట్టింది. మొదటి ఫారం తీసింది. వెలుగుకి పట్టి చూసింది. వెంట్రుకవాసి ఎడమకి ఉంది. విప్పింది. అంచులు బల్లకి తట్టడం మొదలుపెట్టింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"ఉండనీ అమ్మమ్మా. చిన్నమ్మమ్మ మడత అది."

"వంకరగా ఉంది."

"వంకరైనా ఆవిడదేగా. ఈ ఒక్కసారికీ ఉండనీ."

"ఇన్నేళ్ళూ సరిచేసే కుట్టాను. ఇప్పుడు వంకరగా పంపితే మీ చిన్నమ్మమ్మే నవ్వుతుంది. చెయ్యి తియ్యి."

తీశాను. బొటనవేలు మడత మీద ఒక్కసారి నడిచింది. పాత గీటు పక్కన కొత్త గీటు పడింది. దబ్బనంతో మూడు చిల్లులు. నడిమి చిల్లులోంచి సూది బయటికి, పైదాంట్లోంచి లోపలికి, కిందిదాంట్లోంచి బయటికి, మళ్ళీ నడిమిలోకి. ముడి. మూడో పుస్తకం దగ్గర దారం చిక్కుపడింది. తొమ్మిదో దాని దగ్గర సూది ఎడమచేతి వేలికి గుచ్చుకుంది. నోట్లో పెట్టుకుని చీకి, చీరకి తుడుచుకుని, పదోది తీసింది. మొహంలో ఏమీ లేదు. సంతోషం లేదు, బాధా లేదు. నేనేవో వెక్కిరింతలు సిద్ధం చేసుకుని ఉన్నాను. అవి వాడే చోటే దొరకలేదు.

గురువారం అరవై ఒకటి అయ్యాయి. శుక్రవారం యాభై ఎనిమిది. శనివారం నేను జెరాక్సు షాపులో తలనొప్పని అబద్ధమాడి వెళ్ళేసరికి ఇరవై ఒకటి మిగిలాయి. ఒక్కటి మిగిలినప్పుడు నేను గొంతు తగ్గించాను.

"అమ్మమ్మా, ఇదొక్కటీ ఇంటికి పట్టుకుపోదామా?"

"ఆర్డరెన్ని?"

"నూట నలభై."

"ఉన్నవెన్ని?"

"నూట నలభై."

"మరి?"

ఆ ఫారం ఆవిడ ముందుకి తోశాను. చివరిది కూడా సరిచేసి, కుట్టి, దొంతర మీద పెట్టింది. ప్యాకింగాయన ఇరవయ్యేసి చొప్పున ఏడు కట్టలు కట్టాడు. ఆవిడ ప్రతి కట్ట ముడీ లాగి చూసింది. రిక్షా అతను ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. నేను గుమ్మం దాకా వెళ్ళి చూశాను. ఆవిడ లేవలేదు.

నేను తిరిగొచ్చేసరికి ప్యాకింగాయన్ని పిలుస్తోంది.

"కాగితాలు ఒక దొంతర తే."

"మడిచేదెవరు పెద్దమ్మా?"

"నేనే."

చిన్నమ్మమ్మ చెక్కముక్క తీసుకుని నాలుగు కాగితాలు మడిచింది. అంచులు కత్తితో కోసినట్టు కలిశాయి. దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తూ కూర్చుంది.

"ఎలా వచ్చింది?" అన్నాను.

"తిన్నగా వచ్చింది" అంది, ఎవరిమీదో ఫిర్యాదు చేస్తున్నట్టు.

ఇదంతా నేను ఆవిడ పాడైందని పక్కన పడేసిన ఒక కయేలో రాశాను. నిన్న మధ్యాహ్నం ఆవిడ దారానికి మైనం పూస్తుంటే పక్కన కూర్చుని మొదట్నించీ చదివి వినిపించాను. అడ్డు చెప్పకుండా విన్నది. చివరి వాక్యం నాకు చాలా ఇష్టం కాబట్టి కొంచెం గొంతు పెంచి చదివాను. ఆ శనివారంతో మా అమ్మమ్మ తేరుకుంది, అని రాశాను.

మైనం ముక్క పక్కన పెట్టింది.

"తేరుకున్నానని నీకెవరు చెప్పారే? ఆర్డరుంది, కుట్టాను. ఆ ముక్క కొట్టెయ్."